అడిగింది రూ.3.65 లక్షలు, రాసింది రూ.73 వేలు: తిరుపతిలో ఒక గాలీవాన క్లెయిమ్ లెక్క

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట తిరుపతి చుట్టుపక్కల లేచే గాలీవాన అరగంట కూడా ఉండదు. ఆ కాసేపట్లోనే తోటల్లో మామిడికాయలు నేలరాలుతాయి, ఊళ్లో మిద్దెల మీది రేకులు ఎగిరిపోతాయి. 2021 నవంబరు వరదలాగా దాన్ని ఊరంతా గుర్తుపెట్టుకోదు. అందుకే ఇలాంటి క్లెయిమ్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ అడిగే మొదటి ప్రశ్న 'ఆ రోజు అంత గాలి వీచిందా' అని. రెండో చిక్కు డబ్బుది, అదే పెద్దది. క్లెయిమ్ ఒప్పుకుంటారు, కానీ నష్టంలో నాలుగో వంతు కూడా రాయరు.

కింద రాసింది ఒక్క ఇంటి ఫైలు కాదు. ఇలాంటి క్లెయిముల్లో మళ్లీ మళ్లీ కనిపించే కోతలన్నిటినీ ఒకే ఇంటి మీద పెట్టి, లెక్క మొదటి నుంచి చివరిదాకా కనిపించేలా కూర్చిన కేసు. ధరలు లెక్క చూపడానికి వేసినవి. మీ వీధిలో పని చేసే మేస్త్రీ రాసిచ్చే రేటే మీకు ఆధారం.

ఇల్లు, పాలసీ

తిరుచానూరు రోడ్డు వైపు పదిహేనేళ్ల కిందట కట్టిన ఆర్‌సీసీ ఇల్లు. కింద ఒక పోర్షన్, పైన ఒకటి, మిద్దె మీద రేకుల షెడ్డు. కార్పెట్ ఏరియా 1,500 చదరపు అడుగులు. హోమ్ లోన్ ఇచ్చిన బ్యాంకు ద్వారా తీసుకున్న భారత్ గృహ రక్ష అనే ఇంటి ఇన్సూరెన్స్ పాలసీ ఉంది. బిల్డింగ్‌కు సమ్ ఇన్సూర్డ్ (పాలసీ ఇచ్చే గరిష్ఠ మొత్తం) 18 లక్షలు, అంటే అడుగుకు రూ.1,200. ఇవాళ అదే ఇల్లు కట్టాలంటే అడుగుకు రూ.2,000 చొప్పున 30 లక్షలు అవుతుంది. ఈ 18కీ 30కీ మధ్య తేడాను గుర్తుపెట్టుకోండి, ఒక కోత దానివల్లే పడింది. బిల్డింగ్‌తో పాటు సామాన్లూ ఎంచుకున్న పాలసీ కాబట్టి, బిల్డింగ్ మొత్తంలో 20 శాతం, అంటే రూ.3.6 లక్షల వరకు సామాన్లకు దానంతట అదే కవర్ ఉంది. ఈ 20 శాతానికి పైహద్దు 10 లక్షలు. బ్యాంకులు లోన్ కోసం తీయించే పాలసీల్లో చాలావాటికి బిల్డింగ్ మాత్రమే ఉంటుంది. మీది ఏదో షెడ్యూల్ పేజీలో ఇప్పుడే చూసుకోండి.

గాలికి షెడ్డు రేకులు లేచి పైపులు వంగాయి. పక్కనున్న కొబ్బరిచెట్టు కూలి పిట్టగోడను, ప్రహరీ గోడను పడగొట్టింది. సోలార్ వాటర్ హీటర్ పగిలింది, వెయ్యి లీటర్ల ట్యాంకు ఎగిరి కింద పడింది. మెట్ల గది తలుపు ఊడి, కిటికీ అద్దాలు పగిలి వాన లోపలికి కొట్టింది. కరెంటు పోయి వచ్చిన అదురుకు టీవీ, ఇన్వర్టర్ కాలిపోయాయి.

అడిగిన లెక్క ఇది. షెడ్డుకు 540 చదరపు అడుగుల రేకులు 62 చొప్పున 33,480, పైపులు 180 కిలోలు తయారీతో కలిపి 115 చొప్పున 20,700, బిగింపు 6,480, మొత్తం రూ.60,660. ప్రహరీ 28 అడుగుల పొడవుకు 1,650 చొప్పున రూ.46,200. పిట్టగోడ 14 అడుగులకు 650 చొప్పున రూ.9,100. సోలార్ హీటర్ రూ.29,500. ట్యాంకు, పైపులు రూ.11,700. గోడలు, సీలింగు గీకి పుట్టీ, ప్రైమర్, రంగు 1,450 చదరపు అడుగులకు 26 చొప్పున రూ.37,700. వైరింగ్, డీబీ (మెయిన్ కరెంటు బోర్డు) రూ.14,800. కిటికీలు, మెట్ల గది తలుపు రూ.18,400. రెండు పరుపులు, సోఫా, ప్లైవుడ్ టీవీ యూనిట్ కలిపి రూ.84,000. టీవీ, ఇన్వర్టర్ రూ.41,000. చెట్టు కోయించి శిథిలాలు ట్రాక్టర్లలో ఎత్తించడానికి రూ.12,000. అంతా కలిపి రూ.3,65,060.

నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపిన సర్వేయర్ తేల్చింది రూ.73,764.

ఆ అంకె ఎలా వచ్చింది

ఈ ప్రశ్నకు జవాబు సర్వే రిపోర్టులో తప్ప ఇంకెక్కడా దొరకదు. కంపెనీ పంపే మెసేజ్‌లో ఒక్క మొత్తమే ఉంటుంది. ఆ మొత్తం చూసి 'తక్కువిచ్చారు, న్యాయం చేయండి' అని రాసిన ఉత్తరాలు ఎక్కడికీ కదలవు, ఎందుకంటే వాటిలో జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒక్కటీ ఉండదు. ముందు ఈమెయిల్‌లో సర్వే రిపోర్టు కాపీ, అసెస్‌మెంట్ షీటు అడగాలి. ఫోన్‌లో అడిగితే లెక్కలోకి రాదు.

షీటు విప్పితే ఈ కేసులో కోతలు ఇలా ఉన్నాయి. షెడ్డుకు 50 శాతం తరుగుదల వేసి రూ.30,330 చేసి, అందులోంచి పాత ఇనుముకు రూ.18,000 తీసి రూ.12,330 ఇచ్చారు. ప్రహరీకి సున్నా, 'బిల్డింగ్‌లో భాగం కాదు' అని. పిట్టగోడకు ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ పనులకు వాడే ప్రామాణిక ధరల పట్టిక) రేటుతో రూ.5,600. సోలార్‌కు పగిలిన గాజు ట్యూబులు 20కి మాత్రమే రూ.5,000. ట్యాంకు సగం, రూ.5,850. వైరింగ్‌లో 30 శాతం కోసి రూ.10,360. కిటికీల్లో 25 శాతం కోసి రూ.13,800. రంగులకు సున్నా, 'పాత నెమ్ము' అని. ఇవన్నీ కలిపితే బిల్డింగ్‌కు రూ.52,940. దాన్ని మళ్లీ 18/30తో గుణించి రూ.31,764 చేశారు. సామాన్లకు సగం, రూ.42,000. టీవీకి, శిథిలాలకు ఏమీ లేదు.

ఈ కోతల్లో మేస్త్రీ కూలి, సిమెంటు ధర గురించిన తగాదా చాలా చిన్నది. అన్నిటికన్నా పెద్ద భాగం పోయింది ఒకే కారణంతో: సర్వేయర్ లెక్క మొదలుపెట్టిన పాలసీ పద్ధతి ఈ ఇంటిది కాదు. 2021 ఏప్రిల్ 1కి ముందు ఇళ్లకు కూడా వాడుతూ వచ్చిన పాత ఫైర్ పాలసీ పద్ధతిలో, ఇంటిని అసలు విలువ కన్నా తక్కువకు ఇన్సూర్ చేస్తే ఆ నిష్పత్తిలోనే నష్టం ఇచ్చేవారు. మార్కెట్ విలువ మీద పాలసీ ఉంటే వయసును బట్టి తరుగుదల కూడా తీసేవారు. భారత్ గృహ రక్ష ఆ రోజు నుంచి అమల్లోకి వచ్చిన ప్రామాణిక పాలసీ. ఏ కంపెనీ అమ్మినా ప్రాథమిక షరతులు ఒకటే. ఇందులో తక్కువ ఇన్సూరెన్స్ నిష్పత్తి కోత లేదు, సమ్ ఇన్సూర్డ్ పైహద్దు మాత్రమే. 18 లక్షల పాలసీలో రెండున్నర లక్షల నష్టం జరిగితే, ఇల్లు 30 లక్షలదైనా 50 లక్షలదైనా లెక్క మారకూడదు.

తరుగుదల విషయంలో ఒక వాక్యం దగ్గర తికమక పడతారు. నష్టం జరిగిన నాటికి వస్తువు ఉన్న స్థితికి దాదాపు సమానంగా బాగు చేయడానికి అయ్యే ఖర్చు ఇస్తామని పాలసీలో ఉంటుంది. 'పదిహేనేళ్ల ఇల్లు, కాబట్టి పదిహేనేళ్ల స్థితికే ఇస్తాం' అని దానికి అర్థం చెబుతారు. ఆ మాట పని ఎంతవరకు చేయాలో చెబుతుంది. నాలుగున్నర అంగుళాల గోడ పడితే తొమ్మిది అంగుళాల గోడ కట్టి బిల్లు పెట్టకూడదు. 0.35 మిల్లీమీటర్ల రేకు పోతే 0.50 రేకు వేసి తేడా అడగకూడదు. వయసుకు ఇంత శాతం కొట్టేయమని అందులో లేదు. సామాన్లకు కూడా అదే రకం వస్తువు ఇవాళ కొనడానికి అయ్యే ధరే ప్రాతిపదిక. అందుకే పాత రేకు మందం కొలిచి ఫోటో తీసి ఉంచుకోవాలి. ఈ ఇంట్లో పాతది 0.47, కొత్త కొటేషనూ 0.47. దాంతో ఆ వాదన అక్కడే ఆగిపోయింది.

మొదటి ఉత్తరం

రిపోర్టు వచ్చాక కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాసిన ఉత్తరం రెండు పేజీలు. మొదటి పేజీలో రెండే విషయాలు: నిష్పత్తి కోత, తరుగుదల. 'రిపోర్టులోని ఫలానా పేజీలో 60 శాతం నిష్పత్తి వేశారు. మా పాలసీలో ఏ క్లాజు కింద వేశారో క్లాజు నంబరుతో తెలపండి. అలాంటి క్లాజు లేకపోతే కోసిన రూ.21,176 తిరిగి కలపండి.' ప్రతి కోతకు ఇదే తీరు: రిపోర్టులో పేజీ, పాలసీలో క్లాజు, రూపాయల్లో తేడా. కోపం, బాధ రాయాల్సిన పని లేదు. అవి నిజమే అయినా, ఆ ఫైలు చూసే మనిషికి సంతకం పెట్టడానికి కావాల్సింది క్లాజు.

'సర్వేయర్ అంతే రాశారు, మా చేతుల్లో లేదు' అనే జవాబు వస్తే ఒప్పుకోకండి. 1938 ఇన్సూరెన్స్ చట్టంలో సర్వేయర్ గురించి చెప్పే 64యూఎం సెక్షనే, సర్వేయర్ వేసిన మొత్తానికి భిన్నమైన మొత్తం చెల్లించే హక్కు కంపెనీకి ఉందని చెబుతుంది. సర్వే రిపోర్టు తుది మాట కాదని 2009లో న్యూ ఇండియా అష్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండూ ఉత్తరం చివర రెండు వాక్యాల్లో పెడితే చాలు, పేజీల కొద్దీ తీర్పులు అతికించనక్కర్లేదు.

ఈ ఉత్తరంతో తరుగుదల, నిష్పత్తి కోత రెండూ పోయాయి. షెడ్డు రూ.42,660, పిట్టగోడ రూ.5,600, సోలార్ రూ.5,000, ట్యాంకు రూ.11,700, వైరింగ్ రూ.14,800, కిటికీలు రూ.18,400. సామాన్లలో సోఫాకు కొత్తది కాకుండా బట్ట, ఫోమ్ మార్చే ఖర్చు రూ.16,000 లెక్కగట్టి మొత్తం రూ.66,000. సోఫా చట్రం చెక్కుచెదరలేదు కాబట్టి ఆ తగ్గింపు న్యాయమే. అంతా కలిపి రూ.1,64,160. అంటే ఒక్క రేటు గురించీ వాదించకుండానే రూ.90,396 వచ్చింది.

మిగతాది, ఒక్కో అంశం

ప్రహరీ గోడ సంగతి సులువు. పాలసీ పుస్తకంలో 'హోమ్ బిల్డింగ్' అన్న నిర్వచనం చదివితే ప్రహరీ, గేటు, వరండా, స్థిరమైన నీటి ట్యాంకులు, సెప్టిక్ ట్యాంకు, సోలార్ ప్యానెళ్లు అందులోనే ఉంటాయి. ఆ పేజీ కాపీ జత చేయడమే వాదన. కానీ ఉమ్మడిగా కొలిచినప్పుడు పునాది, కింది బీము దెబ్బతినలేదని తేలింది. అడుగుకు 1,650 అన్నది పునాదితో కలిపిన రేటు. అది తీసేస్తే 1,250, మొత్తం రూ.35,000. ఇక్కడ పట్టుబట్టి ఉంటే మిగతా అంశాల మీద నమ్మకం పోయేది.

పిట్టగోడకు ఎస్‌ఎస్‌ఆర్ రేటు ఎందుకు సరిపోదో కాగితం మీద చూపాలి. ఆ రేట్లు పెద్ద పనులకు, ప్రభుత్వ టెండర్ల అంచనాల కోసం. 14 అడుగుల గోడకు కూడా మేస్త్రీ, ఇద్దరు కూలీలు రెండు రోజులు రావాల్సిందే, ఇటుక, ఇసుక మిద్దె మీదికి మోయాల్సిందే, ఆపైన ప్లాస్టరింగ్ ఉంటుంది. ఇద్దరు మేస్త్రీల కొటేషన్లు కొలతలతో సహా ఇస్తే రూ.9,100 ఒప్పుకున్నారు. 'గోడ పని మొత్తం పది వేలు' అని గుండుగుత్తగా రాయించుకున్న కొటేషన్‌ను ఏ సర్వేయరూ లెక్కలోకి తీసుకోరు.

పాత ఇనుము విలువ చాలామంది వదిలేసే చోటు. సర్వేయర్ కంటితో చూసి రూ.18,000 అన్నారు. రేకులు, వంగిన పైపులు కాటా వేయిస్తే 366 కిలోలు తూగాయి. పాత ఇనుప కొట్టు రేటు కిలో 27 చొప్పున రూ.9,882. కాటా చీటీతో తేడా తీరిపోయి షెడ్డుకు రూ.50,778 వచ్చింది. సర్వే అయ్యేదాకా ఆ రేకులు అమ్మకూడదు. అమ్మేశాక తూకం చూపలేరు, నష్టాన్నీ చూపలేరు.

సోలార్ హీటర్‌కు ట్యూబులే పగిలాయని రాశారు. కొమ్మ గుచ్చుకుని లోపలి ట్యాంకు కూడా చిల్లు పడింది. పై కవరు వల్ల అది బయటికి కనపడదు. హీటర్ కంపెనీ సర్వీసు మనిషితో విప్పించి ఫోటో తీసి, 'బాగు చేయడం కుదరదు' అని వాళ్ల లెటర్‌హెడ్ మీద రాయించాలి. పాత ట్యాంకుకు రూ.1,500 తీసి రూ.28,000 ఖాయమైంది.

రంగుల విషయం అన్నిటికన్నా చిక్కు, ఎందుకంటే ఇక్కడ సర్వేయర్ అనుమానం సగం నిజం. పాత నెమ్ముకు గోడ మీద ఉప్పు పూత ఉంటుంది, రంగు పెచ్చులు పొరలు పొరలుగా లేస్తాయి, మూలల్లో నల్లటి బూజు కడుతుంది. మరక శ్లాబు నుంచి గుండ్రంగా పాకుతుంది. ఒక్కసారి కొట్టిన వాన మరక విరిగిన తలుపు, కిటికీ దగ్గర మొదలై కిందికి జారుతుంది, పుట్టీ ఉబ్బుతుంది కానీ ఉప్పు తేలదు. ఈ ఇంట్లో హాలు, ముందు గది మరకలు మెట్ల గది తలుపు నుంచి దిగాయి. ఉత్తరం గదిలో మాత్రం పాత నెమ్మే. లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకు వాల్యుయర్ తీసిన ఫోటోలు, ఉగాదికి ఇంట్లో తీసుకున్న ఫోటోలు హాలు గోడలు పొడిగా ఉన్నాయని చూపాయి. ఉత్తరం గది 400 చదరపు అడుగులు వదులుకుని, మిగతా 1,050 అడుగులకు రూ.27,300 తెచ్చుకున్నారు.

టీవీ, ఇన్వర్టర్ రాలేదు, రావు కూడా. షార్ట్ సర్క్యూట్, అధిక వోల్టేజీ వల్ల ఆ పరికరానికే జరిగే నష్టం ఈ రకం పాలసీల్లో మినహాయింపు. వాన నీళ్లు పడి పాడైతే వేరు, వోల్టేజీకి కాలితే వేరు. ఈ రెంటినీ ఒకే వరసలో రాసి పెడితే మొత్తం లిస్టు మీదే అనుమానం వస్తుంది. శిథిలాల తొలగింపుకు పాలసీలో క్లెయిమ్ మొత్తంలో 2 శాతం హద్దు. ఖర్చు 12,000 అయినా వచ్చింది రూ.5,221. ఆర్కిటెక్టు, ఇంజినీరు ఫీజుకు 5 శాతం వరకు ఉన్నా, అది తిరిగి కట్టే పనికి ఇచ్చేది. క్లెయిమ్ తయారు చేయించుకున్న ఫీజు అందులోకి రాదు.

బిల్డింగ్ రూ.1,95,078, సామాన్లు రూ.66,000, శిథిలాలు రూ.5,221. చివరికి రూ.2,66,299.

గాలి ఆగిన మొదటి రెండు రోజులు

ఈ వాదనలన్నీ నిలబడింది మొదటి రెండు రోజుల్లో తీసిన ఫోటోల మీద. ఊడ్చకముందే ప్రతి గది నాలుగు మూలల నుంచి, ప్రతి దెబ్బ దగ్గర టేపు పెట్టి, తేదీ, స్థలం పడే కెమెరా యాప్‌తో తీయాలి. నష్టం పెరగకుండా టార్పాలిన్ కప్పడం మీ బాధ్యత, దాని బిల్లూ దాచాలి. పాడైన పరుపు చెత్తబండికి వేయకండి. గాలీవాన నిజంగా వచ్చిందనడానికి కరెంటు సంస్థ ఎస్‌పీడీసీఎల్‌కు 1912 నంబరులో చేసిన కరెంటు ఫిర్యాదు నంబరు, మర్నాటి పేపరు జిల్లా పేజీ, మండల వర్షపాతం వివరం, పక్కింటి వాళ్ల ఫోటోలు పనికొస్తాయి. కంపెనీకి వెంటనే తెలపాలి. క్లెయిమ్ ఫారం నష్టం గమనించిన 30 రోజుల్లో ఇవ్వాలి.

2024లో వచ్చిన ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) ఆదేశాల ప్రకారం క్లెయిమ్ తెలిపిన 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలి, 15 రోజుల్లో రిపోర్టు రావాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. తేదీలు ఒక కాగితం మీద వరసగా రాసి పెట్టుకోండి, ఫిర్యాదులో అవే మొదటి పేరా అవుతాయి.

ఎక్కువమంది చేజేతులా నష్టపోయేది సంతకాల దగ్గర. ఇల్లు చూడటానికి వచ్చిన రోజే 'ఇది ఫార్మాలిటీ' అంటూ అంగీకార పత్రం మీద సంతకం అడుగుతారు, కొన్నిసార్లు మొత్తం ఖాళీగా వదిలి. పెట్టకండి. తర్వాత డిశ్చార్జి వోచర్ (క్లెయిమ్ పూర్తిగా తీరిందని ఒప్పుకునే కాగితం) వస్తుంది. డబ్బు అత్యవసరమైతే 'అభ్యంతరంతో, పాక్షిక చెల్లింపుగా మాత్రమే' అని చేత్తో రాసి సంతకం చేసి, అదే మాట అదే రోజు ఈమెయిల్‌లో పంపండి. ఒత్తిడితోనో మోసంతోనో తీసుకున్న వోచర్ వినియోగదారుడి హక్కును పోగొట్టదని 1999లో యునైటెడ్ ఇండియా, అజ్మీర్ సింగ్ కాటన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఒత్తిడి ఉందని రుజువు చేసే భారం మీ మీదే పడుతుంది. చేత్తో రాసిన ఆ మాట ఆ భారాన్ని తగ్గిస్తుంది.

లోన్ ఉన్న ఇంటికి డబ్బు నేరుగా లోన్ ఖాతాలో పడొచ్చు. రిపేరుకు వాడుకునేలా బ్యాంకు నుంచి ముందే లేఖ తెచ్చుకోండి. మేస్త్రీకి నగదు ఇస్తే పేరు, పని, కొలత, సంతకంతో రశీదు రాయించండి. బిల్డింగ్‌కు ఖర్చు పెట్టి చూపిస్తేనే ఇచ్చే పద్ధతి కాబట్టి ఆ రశీదే డబ్బు.

గ్రీవెన్స్ ఆఫీసర్ దగ్గర తేలకపోతే

ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255కు ఫోన్ చేసి గానీ ఫిర్యాదు నమోదు చేయొచ్చు. దానివల్ల కంపెనీ జవాబు రాయక తప్పదు, కానీ నష్టం ఎంతో అక్కడ తేల్చరు. తేల్చే చోటు అంబుడ్స్‌మన్, అంటే బీమా తగాదాలు విని తీర్పు చెప్పే అధికారి. ఆంధ్రప్రదేశ్‌కు హైదరాబాద్ కార్యాలయం. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, విచారణ వీడియోలోనూ జరుగుతుంది. 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. కంపెనీకి రాసి నెల రోజులు ఆగాలి, వాళ్ల జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. అవార్డు వస్తే కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి. అదే విషయం మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. కమిషన్‌కు రెండేళ్ల గడువు ఉంది కాబట్టి, ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లి, అక్కడ న్యాయం జరగకపోతే తర్వాత కమిషన్‌కు వెళ్లడం మంచి వరస. సేవాలోపం, మానసిక వేదనకు పరిహారం కూడా అడగాలనుకుంటే మాత్రం నేరుగా కమిషనే మేలు.

రెండు చోట్లకూ తీసుకెళ్లాల్సింది ఒకటే పట్టిక: మొదటి నిలువు వరసలో అంశం, తర్వాత మీరు అడిగింది, సర్వేయర్ ఇచ్చింది, తేడా, పాలసీ క్లాజు, జత చేసిన కాగితం నంబరు. ఒప్పుకుని వదిలేసిన ఉత్తరం గది, టీవీ, ప్రహరీ పునాది కూడా అందులో 'ఒప్పుకున్నాం' అని రాసి ఉండాలి.